శుక్రవారం చేపలు

నవ్వితే చెప్పను, ముందే అంటున్నాను.

అవి యుద్ధం రోజులు. లోకమంతా జర్మనీకి భయపడుతుంటే నేను మా ఆవిడ చంద్రమ్మకు భయపడేవాణ్ని. కారణం ఒక సినిమా. అందులో ఓ జాలరి కుర్రాడు పడవ మీద నిలబడి పాట పాడుతూ వల విసురుతాడు. ఆ వల పైకి లేచినప్పుడల్లా నా ప్రాణం కూడా లేచేది. పడవ మునిగే చోట బావురుమని ఏడ్చేవాణ్ని కూడా.

ఆ మోజులో పడి ఓ సాయంత్రం, పుట్టింటి నుంచి రైల్లో వస్తున్న చంద్రమ్మను ఇంటికి తీసుకురావడమే మరిచాను. పాపం, చీకటి పడేదాకా ఉప్పుగూడ స్టేషన్లో మూటాముల్లెతో కూర్చుంది.

“ఇంకోసారి సినిమాకు పోయినవని తెలిస్తే మా బాపు కాడికి పోత. మల్ల రాను. గుట్ట నర్సింహస్వామి మీద ఒట్టు!” అంది.

ఆమె ఒట్టంటే ఒట్టే. అయినా శుక్రవారం సర్కారు దఫ్తరుకు వారం సెలవు రాగానే కాళ్లు ఊరుకుంటేనా! ఓ గాలం కొన్నాను. మీరాలం చెరువుకు చేపలకని చెప్పి సినిమాకు వెళ్లి, వస్తూ వస్తూ బజార్లో చేపలు కొని తెచ్చాను.

చంద్రమ్మ సంచి విప్పి చూసింది. “ఏందయ్యా, వీటికి పొలుసుల్లేవు, పేగుల్లేవు. చెరువుల గిట్లనే ఈదుతున్నయా?”

బజారువాడు అలవాటుగా సాఫ్ చేసిచ్చాడు, నేను అలవాటుగా తెచ్చేశాను.

“నీకెందుకు తక్లీఫని నేనే సాఫ్ చేసిన.”

“ఇంట్ల ఉల్లిగడ్డ కోసుడు రాదు నీకు!”

“చెరువు కాడ వస్తది.”

పులుసు పెట్టింది. తినేటప్పుడు, ఎలా పట్టావో చెప్పమంది. నాకు తెలిసింది సినిమాలో చూసిందే కదా! తుఫాను లేచిందన్నాను, పడవ ఊగిందన్నాను, పెద్ద చేప తోకతో చెంప మీద కొట్టిందన్నాను. చంద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భయపడింది పిచ్చిది, అనుకున్నాను.

ఆ పై శుక్రవారం పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా మా మామ! ఊళ్లో ఆయన్ను గాలం మైసయ్య అంటారు. భుజాన వల, చేతిలో ఎర్రల డబ్బా.

“అల్లుడా, తుఫాన్ల గుడ చాపలు పడుతవంట గద! బిడ్డ కబురు పెట్టింది. నడువ్, నీ హునర్, పనితనం జర చూస్త.”

గాలం తీసుకుని ఆయన వెంట నడిచాను.

చెరువులో పడవ ఎక్కించి వల చేతికిచ్చాడు. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. గతిలేక సినిమా కుర్రాడిలా నిలబడి, పాట అందుకుని విసిరాను. వల నా మీద పడింది. నేను చెరువులో పడ్డాను. మామ వలతో సహా నన్ను పైకి లాగాడు.

“ఇంత పెద్దది నా జిందగీల పట్టలె బిడ్డా!” అన్నాడు.

తడి బట్టలతో ఇంటికొస్తే చంద్రమ్మ గుమ్మంలోనే ఉంది.

“వల ఇసిరేటప్పుడు ఏ కాలు ముందుకు పెట్టినవ్?”

“కుడికాలు.”

“అందుకే పడ్డవ్. ఆ పిలగాడు ఎడమకాలు పెడుతడు.”

“ఏ... ఏ పిలగాడు?”

“ఇంకెవడు? నన్ను స్టేషన్ల ఇడిసిపెట్టేటంత మంచిగ అండ్ల ఏమున్నదా అని మొన్న శుక్రారం నువ్వు చాపలకని పోయినంక చూడవోయిన. పడవ మునుగంగనే ఎవడో బావురుమన్నడు. ఆడోళ్ల పరదా ఎనక అందరం నవ్వినం. గొంతు ఎవరిదని చూస్తే, నీదే!”

“అయితే పుట్టింటికి పోతవా?”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఆ సినిమా ఎత్తేసేదాక నేను యాడికి పోను. మస్తుగున్నది.”

అప్పటి నుంచి శుక్రవారం నేను మామతో చెరువుకు, ఆమె తాంగా బండిలో సినిమాకు. సాయంత్రం వచ్చి కథంతా నాకు చెబుతుంది. నేను కత్తిపీట ముందు కూర్చుని, పొలుసులు తీస్తూ వింటాను. పడవ మునిగే చోటు రాగానే ఏడుపొస్తుంది.

“చాపల పడుతయ్ కన్నీళ్లు,” అంటుంది చంద్రమ్మ. “పులుసు ఉప్పగైతది.”