అల లేపినవారు వెనక్కి రావలెను

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, తర్వాత చాలాకాలం ఊరికే కూర్చుని చివరికి జలమర్యాద విభాగాన్ని కనిపెట్టింది. సరస్సు మీద ఒకరితో ఒకరు ఎలా మెలగాలో జనానికి నేర్పడం ఈ విభాగం పని. (అంతకుముందు కూడా కొందరు మంచిగానే మెలిగేవారట, కానీ వారికి అనుమతి లేదు.)

ఈ విభాగం తలుపు మొట్టమొదట తట్టినవాడు ఒక దర్జీ. వారమంతా మెడలో టేపు వేసుకుని, "చంకల దగ్గర పట్టేస్తోంది, నడుం దగ్గర జారిపోతోంది" అనే మాటలు వినీ వినీ ఆయన చెవులు చిల్లులు పడ్డాయి. సెలవు రోజు తెల్లారగానే తన కయాక్ తీసుకుని సరస్సులోకి పోయేవాడు. ఒక మనిషి కాళ్లు చాపుకుంటే నిండిపోయే సన్నటి తెడ్డు పడవ అది. రెండో మనిషికి చోటుండదు, కాబట్టి మాటలకీ చోటుండదు. గాలం వేసి కూర్చునేవాడు. చేప పడితే సంతోషం, పడకపోయినా సంతోషమే. ఆ కాసేపు నిశ్శబ్దం కోసమే పాపం మిగతా వారమంతా కత్తెర ఆడించేవాడు.

ఆ నిశ్శబ్దంలోకి ఒకరోజు మోటారు బోటు వచ్చింది. నడిపేది పరాయివాడు కూడా కాదు, స్వయానా బావమరిది. "బావా, ఏమైనా పడ్డాయా?" అని అడుగుదామని పూర్తి వేగంతో పక్కకొచ్చాడు. ఆ అలకి కయాక్ బోర్లా పడింది, బావ నీళ్లలో పడ్డాడు.

నీళ్లోడుతూ వచ్చిన మొగుణ్ణి భార్య గుమ్మంలోనే ఆపేసింది.

"ఇదే ఆఖరు. ఇంకోసారి తడిసి ఇంటికొచ్చారంటే ఆ పడవ అమ్మి పారేస్తాను. నాకు పడవ అక్కర్లేదు, మీరు కావాలి."

"ఇది నీ తమ్ముడి నిర్వాకమే!"

"వాడికి చిన్నప్పట్నుంచీ ముందు చూసే అలవాటు లేదు. మీకుందిగా?"

కయాక్‌ను కాపాడుకోవాలని దర్జీ జలమర్యాద అధికారి దగ్గరికి పరుగెత్తాడు. అధికారి చాలా దయగల మనిషి. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

"బోట్లు కాస్త దూరంగా, మెల్లగా పోతే చాలండీ" అన్నాడు దర్జీ.

"దూరం, మెల్లగా... అదంతా భద్రత. దానికి పక్క గదిలో అడగాలి." (పక్క గదికి తాళం వేసి ఉంది.) "మా దగ్గర మర్యాద మాత్రమే దొరుకుతుంది."

మరుసటి వారమే నియమం వచ్చింది. కయాక్‌ను కదిలించే అల లేపిన ప్రతి మోటారు బోటూ తక్షణమే వెనక్కి తిరిగి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చి క్షమాపణ కోరవలెను. కోరేవారు స్టీరింగు వదిలి లేచి నిలబడవలెను. (కూర్చుని చెప్పేది క్షమాపణ కాదు, సమాచారం.) కయాక్‌లోని వ్యక్తి తెడ్డు కింద పెట్టి, "పర్వాలేదండీ" అనవలెను. అనేవరకు బోటు కయాక్ చుట్టూ తిరుగుతూ ఉండవలెను.

తక్షణమే అన్నారు కాబట్టి బోట్లు ఆదరాబాదరాగా వెనక్కి వచ్చేవి. వచ్చినప్పుడు అల లేచేది. ఆ అలకి మళ్లీ క్షమాపణ బాకీ పడేది. ఒక బోటు బాకీ తీరేలోగా ఇంకోటి వచ్చేది. నెల తిరిగేసరికి సరస్సు మధ్యలో దర్జీ, ఆయన చుట్టూ వంగి వంగి క్షమాపణ కోరే పెద్దమనుషులు. చేపలు మాత్రం మర్యాద తట్టుకోలేక అవతలి ఒడ్డుకి పోయాయి. దర్జీ పట్టు వదలకుండా రెండు చేతులతో కయాక్ అంచులు పట్టుకుని "పర్వాలేదండీ, పర్వాలేదండీ" అంటూనే ఉన్నాడు. కొట్లో వారమంతా మాట్లాడిన దానికన్నా ఇక్కడ మాట్లాడిందే ఎక్కువ.

చివరికి మళ్లీ ఆఫీసుకి వెళ్లాడు. "అయ్యా, నాకు ఈ క్షమాపణలు వద్దండీ. నన్ను వదిలేయమనండి, మీకు పుణ్యముంటుంది."

అధికారి కళ్లు చెమర్చాయి. "మీ అంతటి మనిషిని ఇంత బాధపెట్టామా? నేనే స్వయంగా వచ్చి విభాగం తరఫున క్షమాపణ కోరుతాను."

చెప్పినట్టే వచ్చాడు. విభాగం బోటు సరస్సులోకెల్లా పెద్దది, దానికి రెండు ఇంజన్లు. కయాక్ బోర్లా పడింది. అధికారి స్టీరింగు వదిలి, లేచి నిలబడి, చాలా హుందాగా క్షమాపణ కోరాడు. తాడు విసరలేదు. (క్షమాపణ స్వీకరించకముందే సాయం చేస్తే అది లంచం కిందికి వస్తుంది.)

"బావా, పర్వాలేదను బావా!" అని బావమరిది తన బోటులోంచి మొత్తుకున్నాడు.

దర్జీ నోరు తెరిచాడు, నోట్లోకి నీళ్లు పోయాయి. రెండోసారి పైకి తేలినప్పుడు ఎలాగో అనేశాడు. అప్పుడు తాడు పడింది.

తడిసి ఇంటికొచ్చిన మొగుణ్ణి భార్య ఈసారి లోపలికి రానిచ్చింది. తువ్వాలు తెచ్చి తలమీద వేసింది. అన్నమాట ప్రకారం కయాక్‌ను మర్నాడే అమ్మేసింది. కొన్నది జలమర్యాద విభాగమే. వాళ్లు దాన్ని సరస్సు మధ్యలో లంగరేసి కట్టారు. దర్జీ ఇప్పుడు సెలవు రోజున ఒడ్డున ఊరికే కూర్చుని చూస్తుంటాడు.

రోజూ బోట్లు ఆ కయాక్ పక్కనుంచి దూసుకుపోతాయి, వెనక్కి వస్తాయి, లేచి నిలబడి క్షమాపణ కోరతాయి, చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. అందులో మనిషి లేడన్న సంగతి ఇంతవరకు ఏ బోటులోనూ ఎవరూ గమనించలేదు.