అరవై ఒక్క రకాల పిట్టలు

పిట్టల్ని చూడటానికి కళ్ళెందుకు? కళ్ళతో చూడాలంటే మెడ ఎత్తాలి, ఎండలో నిలబడాలి, ఓపిక పట్టాలి. ఫోనుంటే ఈ బాధలేవీ లేవు. కూత వినగానే పేరు చెప్పే యాప్ వచ్చాక పక్షి ప్రేమికులందరికీ మెడనొప్పి తగ్గింది. ఇంతకన్నా మేలు ఏముంటుంది?

ఈ మేలును గుర్తించలేని మనిషి ఊరికొకరు ఉంటారు. ఈ ఊళ్ళో ఆవిడ ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైంది. అచ్చుతప్పులు పట్టిన ఆ కళ్ళతోనే పదేళ్ళుగా పిట్టల్ని లెక్కపెడుతోంది. ఆవిడ మరిది పళ్ళ డాక్టరు, పక్షి ప్రేమికుల వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. వానలు వెనకబట్టి, చలి ఇంకా మొదలవని ఒక ఆదివారం, ఒక్క రోజులో మూడు రిజర్వాయర్లు చుట్టేద్దామని ఆయన పిలిస్తే కాదనలేక వెళ్ళింది.

మొదటి రిజర్వాయరు దగ్గర ఎండ చురుక్కుమంది. పన్నెండు మంది కట్ట మీద వరసగా నిలబడి పన్నెండు ఫోన్లు నీళ్ళ వైపు చాపారు. వాళ్ళ వెనకే, పదడుగుల దూరంలో, కరెంటు తీగ మీద లకుముకిపిట్ట కూర్చుంది. కూయలేదు. కూయని పిట్టకి జాబితాలో చోటెక్కడిది?

"అదుగో, వెనక్కి చూడండి," అందావిడ.

"ష్, మాట్లాడకండి వదినా. యాప్‌లో మీ గొంతు పడుతోంది," అన్నాడు మరిది.

రెండో రిజర్వాయరు చేరేసరికి మబ్బు కమ్మి జల్లు మొదలైంది. నిజమైన పక్షి ప్రేమికులు వానకి జంకుతారా? కారు అద్దం రెండంగుళాలు దించి, ఆ సందులో ఫోను పెట్టి, బిస్కెట్లు తింటూ కూర్చున్నారు. ఇరవై నిమిషాల్లో ఇరవై రెండు రకాలు నమోదయ్యాయి. అందులో ఒకటి ఈ చుట్టుపక్కల ఎవరూ ఎన్నడూ చూడని గుడ్లగూబ, అదీ పట్టపగలు. డాక్టరుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆవిడ గొడుగేసుకుని దిగి వెళ్ళి చూసింది. గుడ్లగూబ పక్క కార్లో ఉంది. పిట్టల్ని రప్పిద్దామని ఇన్సూరెన్సు ఏజెంటుగారు తన ఫోన్లోని రికార్డు కూతలు ఒకదాని వెనక ఒకటి మోగిస్తున్నారు.

"మరిదిగారూ, మీ గుడ్లగూబ ఏజెంటుగారి ఫోను."

"యాప్ పొరబడదు వదినా. మనుషులే పొరబడతారు."

మూడో చోట ఈదురుగాలి. అయినా సాయంత్రానికి జాబితా అరవై ఒకటికి చేరింది. గ్రూపు చరిత్రలో రికార్డు. ఆవిడ నోటుబుక్కులో మాత్రం పదకొండు. నిరుడు ఇదే రోజుల్లో పంతొమ్మిది.

గ్రూపులోంచి ఊళ్ళోకి పాకిన అరవై ఒకటన్న అంకె రిజర్వాయర్ల ఇంజనీరుకి తెగ నచ్చింది. మూడో రిజర్వాయరు అంచున బాతులు, నీటికోళ్ళు గూళ్ళు పెట్టుకునే రెల్లుంది. అది కొట్టేసి బోట్‌క్లబ్బు కట్టాలని ఆయన ఎప్పట్నుంచో చూస్తున్నాడు. సంగతి తెలిసి ఆవిడ నోటుబుక్కు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

"అమ్మా, మీరొక్కరు పదకొండంటున్నారు. పన్నెండు మంది అరవై ఒకటంటున్నారు. పిట్టలు ఇంతలా పెరిగాక ఆ కాస్త రెల్లు ఒక లెక్కా?" అన్నాడాయన. మర్యాదగా కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, ఆవిడ ఎదుటే ఫైలు మీద సంతకం పెట్టాడు.

రెల్లు కొట్టేశారు. నెల తర్వాత గ్రూపు మళ్ళీ అక్కడికే వెళ్ళింది. బోట్లింకా రాలేదు. జాబితా మాత్రం అరవై నాలుగు. చూశారా, ఈ కాలపు పిట్టలకి గూడక్కర్లేదు, గింజక్కర్లేదు, ఛార్జింగుంటే చాలు.

"ఒక్క ఐదు నిమిషాలు అందరూ ఫోన్లు కట్టేయండి," అందావిడ. పెద్దావిడ అడిగింది కదా అని కట్టేశారు.

కట్టకి నీళ్ళు తగిలే చప్పుడు. అంతే. మరిది చెవులు రిక్కించి అటూ ఇటూ తిరిగాడు.

"ఏమీ వినపడటం లేదు వదినా."

"అది రాసుకోండి," అందావిడ.