నిండు పూత ప్రకటన

ఈ ఏడాది వానల్లో నీలం గుత్తులుగా పూసే అజిసై పూలు జూన్ ఇరవై రెండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు నిండుగా పూశాయి. అంతకుముందు పూయలేదు. ఆ సంగతి కొండ మీది గుడివారు రైల్వే స్టేషన్ బయట పెట్టిన బోర్డు మీద స్పష్టంగా ఉంది.

మొగ్గ, సగం పూత, ముప్పాతిక పూత, నిండు పూత అని బోర్డుకి నాలుగు దశలు. రోజూ పొద్దున్నే గుడి నుంచి ఒక స్వామి దిగివచ్చి, ఆ రోజు దశ రాసిన చెక్క పలక సరిచూసి, తలవంచి వెళ్తాడు. పూలు కూడా వీలైనంతవరకూ దాన్ని అనుసరించడానికి ప్రయత్నిస్తాయి.

హచియా గారు ముప్పై ఎనిమిదేళ్లు రైళ్ల టైంటేబుళ్లు తయారుచేసి రిటైరయ్యారు. ఆయన భార్య ఫుసాయెకి ఇరవై ఒకటిన మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత ఏడాదిపాటు మెట్లెక్కకూడదన్నాడు డాక్టరు. గుడికి నూట ముప్పై మెట్లు. ఈలోపే పూలు చూపిస్తానని హచియా మాటిచ్చారు.

పదిహేనో తేదీన జల్లు పడుతుంటే ఆవిడ అడిగింది. "ఏవండీ, ఈ పూలకి వానే అందం. ఇవాళ వెళ్దామా?"

"ఇంకా సగం పూతే. సగం పూల కోసం అన్ని మెట్లు ఎవరెక్కుతారు?"

"నా మోకాలు బోర్డు చూసి నొప్పెట్టదు కదండీ!"

"ఓపిక పట్టు ఫుసాయె. చూస్తే నిండుగానే చూడాలి."

పద్దెనిమిదిన ముప్పాతిక అయింది. ఇరవైన కూడా ముప్పాతికే. ఇరవై ఒకటిన ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు బోర్డు మారింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు కనుక, భార్య తరఫున హచియా ఒక్కరే వెళ్లారు.

రెండుంపావు గంటలు వరసలో నిలబడ్డాక తోట వచ్చింది. తాడు అవతల ఒక స్వామి మైకులో ప్రబోధిస్తున్నాడు. "భక్తులారా, పూలు మీ కుడివైపున ఉన్నాయి. ప్రశాంతంగా తిలకించండి. మనసుని నిలపండి, కాళ్లని కదపండి!"

హచియా కదులుతూనే పద్నాలుగు ఫొటోలు తీశారు. పద్నాలుగింటిలోనూ ముందువాళ్ల గొడుగే పడింది. ఒకదాంట్లో మాత్రం గొడుగు పక్కన నీలంగా ఏదో ఉంది.

సాయంత్రం ఆసుపత్రిలో ఆయన తలవంచుకుని మంచం పక్కన కూర్చున్నారు. "నీకు చూపించలేకపోయాను. నాదే తప్పు."

ఫుసాయె నవ్వింది. "నేను చూశానండీ. పదహారున మీరు క్షవరానికి వెళ్లినప్పుడు, పక్కింటి మియో చెయ్యి పట్టుకుని ఎక్కాను. వానలో నరపురుగు లేదక్కడ. అరుగు మీద గంటసేపు కూర్చున్నాం. కొండంతా నీలమే. ఆకు మీద నత్త ఒకటి, మాకంటే నిదానంగా ఎక్కుతోంది."

హచియా కాసేపు లెక్క చూసుకున్నారు. "పదహారంటే, సగం పూతే కదూ?"

"అవును."

ఆయన జాలిగా ఆవిడ చెయ్యి నిమిరారు. "అయ్యో. అయితే చూడలేదన్నమాట."

పక్క మంచం మీది తోమె మామ్మ కూడా నిట్టూర్చింది. "పోన్లే తల్లీ, కాలు బాగయ్యాక సరైన రోజున వెళ్దువుగాని. ఏదీ హచియా గారూ, ఆ నిండు పూత ఇటు చూపించండి."

ఫోను నాలుగు మంచాలూ తిరిగింది. అందరూ గొడుగుని చూసి "అబ్బ, ఏం పూత!" అన్నారు.

అంతమంది అంటుంటే, చివరికి ఫుసాయె కూడా కళ్లజోడు అడిగింది.