పొగాకు పన్ను పెరిగిన ఊరు

పట్టి పట్టి కురిసిన ముసురు ఆ పొద్దున విడిచింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కింద రేపల్లె నుంచి నగరం అనే ఊరి దాకా వరి నీళ్ళలో పడుకుని ఉంది.

శేషగిరిరావు రేపల్లెలో పన్నుల గుమాస్తా. నెల లెక్క తెనాలి పై అధికారికి పంపేసి, మధ్యాహ్నం బస్సుకు భార్య హైమావతితో నగరం పక్కనున్న అత్తగారి ఊరు పోదామనుకున్నాడు. లెక్కలో బట్ట, నూనె, బెల్లం, అన్నిటి పన్నూ పడిపోయింది. నగరం వైపు పొగాకు పన్ను ఒక్కటే పెరిగింది. అన్నీ తగ్గాయని రాస్తే పైవాళ్ళు చిరాకు పడతారని, ‘నగరం ప్రాంతంలో జనం చేతుల్లో డబ్బు ఆడుతున్నట్టుంది’ అని అడుగున ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యం చెక్కుతూ కూర్చుంటే బస్సు వెళ్ళిపోయింది. ప్రయాణం ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ వాయిదా పడింది.

తెనాలిలో పై అధికారి పాండురంగారావుగారికి ఆ వాక్యం తెగ నచ్చింది. ఆయనకు చుట్ట లేనిదే పొద్దు గడవదు.

"తిండికి లేనివాడు పొగాకెందుకు కొంటాడయ్యా?" అన్నాడు.

ఆ మాటే బాపట్ల సమావేశంలోనూ అన్నాడు. వాన దెబ్బకు ఏయే ఊళ్ళకు శిస్తు రద్దు చెయ్యాలో అక్కడే తేలుస్తున్నారు. సరే, కళ్ళారా చూసి రమ్మని ఇద్దరు అధికారులను నగరం వైపు పంపారు.

శేషగిరిరావు పొంగిపోయి మామగారికి కబురంపాడు. "పెద్దవాళ్ళు మీ ఊరు వస్తున్నారు. మర్యాదలో లోటు రానీకండి. శిస్తు సంగతి వాళ్ళ చేతుల్లోనే ఉంది."

శిస్తు రద్దు కాకపోతే పాడిగేదెను అమ్మడం తప్ప మామగారు బసవేశ్వరరావుకు వేరే దారి లేదు. అందుకని సన్నబియ్యం అప్పు తెచ్చాడు. కోడిని కోయించాడు. గడ్డపెరుగు వడ్డించాడు. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులతోపాటు మేలురకం చుట్టలు పెట్టించాడు. ఊరి పెద్దలంతా చలువ బట్టలు కట్టుకుని నిలబడ్డారు.

"ఆ కొట్టు దగ్గర తిరనాళ్ళలా ఉందేంటి?" అన్నాడు ఒక అధికారి.

"పొగాక్కి వచ్చారండి" అన్నాడు బసవేశ్వరరావు.

అధికారులు మొహాలు చూసుకున్నారు.

"చేలు చూద్దురుగాని, రండి బాబూ."

"ఈ ఎండలోనా? మీ ఇల్లు చూశాంగా, చాలు" అని చెరో చుట్టా ముట్టించి వెళ్ళిపోయారు.

శేషగిరిరావుకు తీరిక దొరికేసరికి మరో రెండు ఆదివారాలు గడిచాయి. హైమావతితో, మిఠాయి పొట్లంతో దిగాడు. బసవేశ్వరరావు అరుగు మీద కూర్చుని, చెంబులో నానిన పొగాకును పిండి పిక్కలకు రాసుకుంటున్నాడు.

"అదేంటి మామయ్యగారూ?"

"పొగాకు నీళ్ళు, అల్లుడుగారూ. పడిపోయిన వరి ఎత్తాలంటే మోకాటి లోతు దిగాలి. నీళ్ళనిండా జలగలు. ఊరంతా ఇదే కొంటున్నారు."

"కాల్చడానికి కాదా?"

"కాల్చేవి మీ వాళ్ళకిచ్చాంగా."

"మరి శిస్తు?"

"రద్దు కాలేదు. మనది కలిగిన ఊరంట. ఎవరో రాశారంట."

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. "ఎవడు నాన్నా, ఆ రాసినవాడు?"

బసవేశ్వరరావు అల్లుడి వైపు చూడలేదు. "పోనీలేమ్మా. మన ఊరు ఎరగనివాడై ఉంటాడు."

మిఠాయి పొట్లం శేషగిరిరావు చేతిలోనే ఉండిపోయింది.

అత్తగారు శేషారత్నం విస్తళ్ళు వేసింది. పప్పు, గోంగూర. అలవాటు కొద్దీ శేషగిరిరావు పెరుగులోకని కాస్త అన్నం మిగుల్చుకున్నాడు. పెరట్లో గేదె పాక ఖాళీగా ఉంది. శేషారత్నం మంచినీళ్ళ చెంబు తెచ్చి అల్లుడి పక్కన పెట్టింది. అతను ఆ నీళ్ళే అన్నంలో పోసుకుని, తల ఎత్తకుండా తిన్నాడు.

ఆ నెల కూడా నగరం వైపు పొగాకు పన్ను పెరిగింది.