హోప్ టౌన్ ఎర్ర గీత

గవరయ్య మూడేళ్లు కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. దీవుల్లోని టెలిఫోన్ టవర్లన్నీ తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. వాటిని కలిపే గీత పచ్చగా ఉంటే సిగ్నల్ నడుస్తున్నట్టు, ఎర్రబడితే ఆగినట్టు. ఆ ఉదయం పోర్ట్ బ్లెయిర్ ఆఫీసులో పెద్ద ఇంజనీరు సూరయ్యగారికి దాన్ని చూపించాలి. ఆయన కాదంటే మూడేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే. పరీక్ష కోసం హోప్ టౌన్‌లో తన డాబా మీదే సిగ్నల్ అందుకునే చిన్న డిష్ బిగించాడు. "అమ్మా, దీన్ని జాగర్తగా చూసుకో," అని తల్లి ఎరుకమ్మకు అప్పగించి ఫెర్రీ ఎక్కాడు.

ఎరుకమ్మకు కొడుకు మాట వేదం. పదింటికి మబ్బు పట్టగానే అల్యూమినియం గంగాళం తెచ్చి డిష్ మీద బోర్లించింది. అటు ఆఫీసులో హోప్ టౌన్ గీత ఎర్రబడింది.

గవరయ్య వెంటనే, "అమ్మా, డిష్ తడిసిందా?" అని ఫోన్ చేశాడు.

"నానుండగా సుక్క పడనిస్తానేటి! బిల్కుల్ టెన్షన్ పడకు బాబూ."

అయితే తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకుని ప్రోగ్రాంలో ఒక వరుస మార్చాడు. ఆ దెబ్బకు బ్రూక్షాబాద్ టవర్ గీత కూడా ఎర్రబడింది. మళ్లీ ఫోన్ చేశాడు. "గాలికేమైనా కదులుతోందా?"

ఆమె పక్కింటి పోలిరాజును కేకేసి, గంగాళం మీద వల కప్పించి, పైన పడవ లంగరు పెట్టించింది. "ఇప్పుడు తుపానొచ్చినా కదల్దు!"

గవరయ్య చెమటలు తుడుచుకుంటూ ఇంకో రెండు వరుసలు మార్చాడు. దీవులన్నీ ఎర్రబడ్డాయి. కంగారుపడిన ఆఫీసు గుమాస్తా టవర్లన్నిటికీ ఫోన్ చేసి మిషన్లు ఆపి మళ్లీ వెయ్యమన్నాడు. తుష్నాబాద్ టవర్ వాళ్లు బుద్ధిగా ఆపి, మళ్లీ వెయ్యడం మరిచారు. దాంతో అక్కడ నిజంగానే ఫోన్లు మూగబోయాయి.

"సర్, తప్పు నాదే. మొత్తం తీసేస్తాను," అన్నాడు గవరయ్య.

"తీసెయ్యడం ఎంతసేపు? ముందు ఆ డిష్ సూద్దాం, చలో," అని సూరయ్యగారు లేచారు.

హోప్ టౌన్ డాబా మీద జోరున వాన. లంగరు పక్కనే ఎరుకమ్మ కాపలా కూర్చుంది. సూరయ్యగారు లంగరు, వల తీయించి, గవరయ్య లాప్‌టాప్‌లో పొద్దుటి ప్రోగ్రాం మళ్లీ పెట్టించి, గంగాళం ఎత్తారు. గీత పచ్చబడింది. బోర్లించారు. ఎర్రబడింది. నాలుగుసార్లు ఎత్తి, నాలుగుసార్లు దించి, పడీపడీ నవ్వారు.

"పొద్దున్నుంచీ నీ సాఫ్ట్‌వేర్ నిజమే సెప్తందయ్యా! నువ్వే నమ్మనేదు."

గవరయ్యకు తల్లి మీద కోపం రావాలి. రాలేదు. ఆమె తడిసి ముద్దయి నిలబడి ఉంది. గంగాళం ఎత్తేదాకా డిష్ మాత్రం పొడిగా ఉంది.

సాఫ్ట్‌వేర్‌ను అన్ని దీవుల్లోనూ వాడవచ్చని సూరయ్యగారు అక్కడే సంతకం చేసి, రాసినవాడికి మాత్రం దాని వాడకంలో శిక్షణ అవసరమని కింద రాశారు.