కాకి ముట్టిన చీజు

ఆదివారం పొద్దున సత్యప్రియ వేసుకున్న ప్రణాళికలో కాకుల ప్రసక్తే లేదు. రాజోలు అవతల గట్టున కొత్తగా కట్టిన రిసార్టు మేనేజరు సురేంద్ర వచ్చి, ఆమె చేసిన చీజు పళ్ళెం రుచి చూస్తాడు. నచ్చితే వారం వారం ఆర్డరు. నచ్చకపోతే రెండో తరగతి చదివే కూతురు లావణ్యని వదిలేసి ఆమె మళ్ళీ కువైటు విమానం ఎక్కాలి. వీసా వచ్చి కూర్చుంది. ఈ షరతు పెట్టింది అత్తగారు మంగాయమ్మ. ఆవిడ మాటకి ఆ ఇంట్లో అప్పీలు లేదు.

పొయ్యి వెలిగించే పని లేని వంటకం అది. కువైటు షేకుగారింట్లో నేర్చుకున్నట్టే క్రీము చీజులో పుదీనా, కొత్తిమీర, వెల్లుల్లి కలిపి ఉండలు చేసింది. అక్కడైతే పైన బాదం పలుకులు అద్దేవారు. ఇక్కడ డబ్బాలో నల్లనువ్వులు కనిపించాయి, తెలుపు మీద నలుపు ముచ్చటగా ఉంటుందని అవే అద్దింది. పక్కన సన్నటి ఉల్లికాడలు పేర్చింది. టూరిస్టులకి మన ఊరి వాటం కనిపించాలని కింద అరిటాకు పరిచింది. ఫొటోకి వెలుతురు బాగుంటుందని ఆకుతో సహా పెరటి గోడ మీద పెట్టి, ఫోను కోసం లోపలికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గాలి ఆగిపోయింది. కొబ్బరాకు కదలడం లేదు. గోడ పొడుగునా కాకులు బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ అరవడం లేదు, ఒక్కటీ ఆకుని ముట్టడం లేదు. అన్నీ ఒకేసారి ఆమెవైపు తల తిప్పాయి. సత్యప్రియకి భయం వేసింది.

"అయ్యో, నా మతిమరుపు మండా!" వెనక మంగాయమ్మ కొయ్యబారి నిలబడి ఉంది. "ఇవాళ మీ మావయ్యగారి తిథి కదూ! కట్టుకున్నదాన్ని నేను మర్చిపోయేను. నువ్వు గుర్తెట్టుకుని పిండాలు పెట్టేవా తల్లీ!"

నిజం చెబుదామని సత్యప్రియ నోరు తెరిచింది. అత్తగారు తనని తల్లీ అనడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఒరేయ్ కిషోరూ! తలమీద నీళ్ళోసుకుని రా!" మంగాయమ్మ కొడుకుని కేకేసింది.

కిషోర్ తడిపంచెతో వచ్చి, ఉండల్ని చూసి, పెళ్ళాన్ని చూసి గుటకలు మింగాడు. పొద్దున చీజు గిన్నె నాకింది అతనే. పక్కింటి రమణి పరిగెత్తుకొచ్చింది, ఆమె వెనకే సగం వీధి.

"కాకి ముట్టట్లేదండీ," అంది రమణి గొంతు తగ్గించి. "ఆయనకేదో కోరిక ఉండిపోయిందండీ."

అప్పుడు కొబ్బరిచెట్టు మీంచి ఒక ముసలి కాకి గోడ మీదికి దిగింది. ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచింది. పోయిన పెద్దాయనకీ ఎడమకాలే కుంటి.

"ఏవండీ," మంగాయమ్మ చేతులు జోడించింది. "మీ సైకిలు అమ్మేసింది తప్పేనండీ."

కాకి కదల్లేదు.

"మీ చెల్లెలితో మాటాడతానండీ, ఆయ్."

కాకి మొహం తిప్పుకుంది.

అంతలో కారొచ్చి గేటు దగ్గర ఆగింది. సురేంద్ర పెరట్లోకి వచ్చి తడిపంచెని, అరిటాకుని, నువ్వులద్దిన ఉండల్ని వరసగా చూశాడు. "నేను రుచి చూడాల్సింది... ఇదేనాండీ?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. కారు వచ్చినదానికన్నా జోరుగా వెళ్ళిపోయింది. లావణ్య మొహం కళ్ళముందు మెదిలి, సత్యప్రియ గోడవారన కూలబడి భోరుమంది.

"మావగారంటే ఎంత ప్రేమో చూడండి!" రమణి కళ్ళొత్తుకుంది. "ఈ పిల్ల కువైటెళ్ళిన్నాడు ఆయనా ఇలాగే ఏడ్చేరండీ."

మంగాయమ్మ ఉలిక్కిపడి కాకివైపు చూసింది. కాకి ఆవిడనే చూస్తోంది.

"సరేనండీ," అంది చెంపలేసుకుని. "సత్యని ఇంకెక్కడికీ పంపనండీ. లావణ్య మీదొట్టు."

కుంటికాకి ఎగిరి ఆకు మీద వాలింది. అన్నిటికన్నా పెద్ద ఉండని ఎంచుకుని, తీరుబడిగా తినడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికల్లా మంగాయమ్మ ఏజెంటుకి ఫోన్ చేసి వీసా వద్దని చెప్పేసింది. భోజనాలయ్యాక కిషోర్ భార్య చెవిలో గొణిగాడు. "అవి చీజని అమ్మకి చెప్పేద్దామా?"

"చెప్పండి," అంది సత్యప్రియ. "ముందు మావయ్యగారిని ఓ మాట అడిగి చెప్పండి."

కిషోర్ గోడవైపు చూశాడు. కుంటికాకి ఇంకా అక్కడే ఉంది.

అతను ఇప్పటిదాకా అడగలేదు. ఏటా తద్దినానికి చీజు మాత్రం తనే కొనుక్కొస్తున్నాడు.