ఐదు సెకన్లకొక చూపు

బాఫూర్‌కి ఆదివారం వస్తుందంటేనే భుజాలు నొప్పి పుట్టేవి. కుమాసీ ఊరంతా చర్చి నుంచి వచ్చి కాళ్ళు చాపుకునే వేళకి, అతను పెరట్లో రోకలి పట్టుకుని ఫుఫు దంచుతూ ఉండేవాడు. ఉడికిన కర్రపెండలం, అరటికాయ రోట్లో పడేవి. పీట మీద కూర్చుని ముద్ద తిప్పడం భార్య సెర్వా వంతు. తప్పులు పట్టడం అత్తగారు యాబోవా వంతు.

"అల్లుడుగారూ, రోలుకి నొప్పి కలగకుండా దంచుతున్నారా ఏంటి?"

ఆ రోకలి నుంచి బయటపడే దారి ఒక బుధవారం దొరికింది. సామాన్ల గదిలో పాల డబ్బాలు మాయమవుతున్నాయని సెర్వా గొడవ పెట్టింది.

"వారానికి ఆరు డబ్బాలండీ! ఈ ఇంట్లో ఎవరో దొంగ ఉన్నారు."

"ఉంటారు, ఎందుకుండరు!" అన్నాడు బాఫూర్, అత్తగారి వైపు ఓరగా చూస్తూ.

నిజం చెప్పాలంటే ఆ ఆరింట్లో రెండు అతనివే. పాలు, పంచదార మానమని డాక్టరు చెప్పాక భార్య ముందు ఒట్టేశాడు. ఆమె అటు తిరగ్గానే పెండలం రవ్వలో పాలు, పంచదార, వేరుశనగలు కలుపుకుని లాగించేవాడు. అయితే ఏం, రెండు తినేవాడు దొంగెలా అవుతాడు? నాలుగు తినేవాళ్ళే దొంగలని అతని వాదన.

"నేను పట్టిస్తాను. దొరికినవాళ్ళు ఏడాదిపాటు ఫుఫు దంచాలి, సరేనా?"

"సరే," అంది సెర్వా వెంటనే. అంత తొందరగా ఆమె దేనికీ ఒప్పుకోదని బాఫూర్‌కి అప్పుడు తట్టలేదు.

డబ్బాల మీది నల్లగీతలు, అదే బార్‌కోడ్‌లు, చదివే యాప్‌లు దుకాణాలకి తయారుచేసివ్వడమే అతని ఉద్యోగం. పాత ఫోన్ ఒకటి తీసి గది లోపల, తలుపు పైన వేలాడదీశాడు. డబ్బాలన్నీ గీతలు గోడవైపు ఉండేలా పేర్చాడు. ఎవరైనా డబ్బా తీసి తలుపు వైపు తిరిగారో, గీతలు ఫోన్ కంటబడతాయి. అది ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టేస్తుంది.

మర్నాడు పొద్దున్నే యాబోవా టీలోకని డబ్బా తీసి, తలుపు దగ్గర ఆగి తుమ్మింది. మూడు సెకన్ల తుమ్ము. కెమెరా సెకనుకి ముప్పై బొమ్మలు చూస్తుంది. ప్రతి బొమ్మనీ చదవమని బాఫూరే రాసిపెట్టాడు. గ్రూపులో తొంభై ఫొటోలు వచ్చి పడ్డాయి. తొంభైలోనూ అత్తగారు నోరు తెరుచుకునే ఉంది.

తాకొరాడీ నుంచి బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మా అమ్మ తొంభై డబ్బాలు తాగిందా? బతికే ఉందా?"

"కూతుర్ని అడిగి తీసుకుంటే దొంగనా?" అని యాబోవా లంకించుకుంది. "పోనీ, నోరు మూసుకున్నాక ఫొటో తీయకూడదూ!"

"అవునండోయ్, అమ్మ నన్నడిగే తీసుకుంటుంది. ఆ నాలుగూ అవే, ఇప్పుడు గుర్తొచ్చింది," అంది సెర్వా. "ఇక తేలాల్సినవి రెండే."

ఫోన్ చూసొస్తానని బాఫూర్ గదిలోకి జారుకున్నాడు. అటు ఫోన్ వేరుశనగలు వేయించుకునేంత వేడెక్కి, చార్జింగ్ అయిపోయి చల్లబడింది.

భోజనాల దగ్గర అతను గంభీరంగా ప్రకటించాడు. "ప్రతిదీ చదవలేక పాపం అలిసిపోతోంది. ఇకనుంచి ఐదు సెకన్లకి ఒక్కసారే చూస్తుంది. చూసినప్పుడల్లా ఎర్ర దీపం వెలుగుతుంది."

"ఐదు సెకన్లంటే ఎంతండీ?" అంది సెర్వా, ఏమీ తెలియనట్టు.

అతను వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టి చూపించాడు. "ఈలోపు డబ్బా తీసి బయటపడటం మామూలు మనిషి వల్ల కాదు."

తను మామూలు మనిషి కాడని అతని ధీమా. పడకగదిలో డబ్బాకి బదులు చెప్పు పట్టుకుని సాధన కూడా చేశాడు. మూడున్నర సెకన్లు పట్టింది.

శనివారం ఆడవాళ్ళిద్దరూ నల్లబట్టలు కట్టుకుని, ఊళ్ళో ఎవరిదో అంత్యక్రియలకి వెళ్ళారు. బాఫూర్ రవ్వ నానబెట్టి, గది గుమ్మంలో కాచుకున్నాడు. ఎర్ర దీపం వెలిగి ఆరింది. లోపలికి ఉరికి, పాల డబ్బా ఉండే చోట చెయ్యిపెట్టి లాగాడు. టమాటా డబ్బా! దాని వెనక ఇంకో టమాటా. ఆ వెనక పాలు దొరికాయి గానీ, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్నది తీస్తే చాలదు, పెద్దది తీస్తే తెలిసిపోతుంది. రెండూ చేతుల్లో పట్టుకుని ఆలోచిస్తూ తలుపు వైపు తిరిగాడు.

దీపం వెలిగింది. కంగారుపడి తలెత్తి ఫోన్ వంక చూశాడు. మళ్ళీ వెలిగింది.

శవం పక్కన ఏడుస్తున్న సెర్వా కొంగుచాటున ఫోన్ చూసుకుని, నవ్వు ఆపుకోలేక ఇంకా గట్టిగా ఏడ్చింది.

"టమాటాలు ముందుకి జరిపింది నేనే," అంది ఇంటికొచ్చి. "చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పెట్టిందీ నేనే. పెళ్ళికి చొక్కా ఎంచుకోడానికి ఐదు దుకాణాలు తిరిగిన మనిషి, ఐదు సెకన్లలో డబ్బా ఎంచుకుంటాడా?"

బాఫూర్ రెండు డబ్బాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఒట్టేశారు కదండీ," ఆమె గొంతు తగ్గింది. "మీకేమన్నా అయితే నేనెవరితో పోట్లాడాలి?"

ఆ మాటకి అతనికి కళ్ళు చెమర్చాయి. రేపట్నుంచి పాల జోలికే వెళ్ళనని ఈసారి నిజంగానే అనుకున్నాడు.

ఆదివారం రోలు ఎదురుగా ఫోన్ వేలాడుతోంది. రోకలికి పాల డబ్బా గీతలు అంటించి ఉన్నాయి.

"ఎప్పటిలాగే నూరు పోట్లు," అంది సెర్వా. "ఫోన్ లెక్కే లెక్క."

పళ్ళ బిగువున నూరూ దంచి, చెమట తుడుచుకుని చూశాడు. ఫోన్‌లో ఇరవై అని ఉంది.

"ఇదేం అన్యాయమే! నూరు దంచాను!"

"ఐదు సెకన్లకి ఒక్కసారే చూస్తుందన్నారుగా. పాపం, అలిసిపోతుంది."

"ఇలా ఇవ్వు, మార్చేస్తాను."

"మార్చుకోండి అల్లుడుగారూ," అంది గుమ్మంలోంచి యాబోవా. "దాని తాళం నంబరుగా నా పుట్టినరోజు పెట్టాం."

బాఫూర్ ఏ నెలా, ఏ తేదీ అని చాలాసేపు వేళ్ళు మడిచి చూశాడు. తర్వాత రోకలి ఎత్తుకున్నాడు.